మూడో మాట

దానం చేసేవాళ్ళ బుద్ధి తెలియాలంటే వాళ్ళిచ్చిన మూటలు విప్పి చూడాలి. ప్రార్థనాలయం వెనకగదిలో ఆ పని ఒత్తుల టీచరుది. సంఘం జరుపుకునే న్యాయ వారం మొదలైన దగ్గర్నుంచి మూటలు వచ్చి పడుతూనే ఉన్నాయి. ఆవిడ ఒక్కొక్కటీ విప్పి, ఒక్కో బట్టనూ రెండు వేళ్ళతో పైకెత్తి, కిటికీ వెలుతురుకు పట్టి చూసి, పనికొచ్చేది కుడివైపు, పనికిరానిది ఎడమవైపు వేస్తోంది. ఎడమవైపు గుట్ట మోకాళ్ళు దాటింది. సాగిపోయిన లోదుస్తులు, ఒంటి చెప్పు, చంకల దగ్గర చెమటకు పసుపెక్కిన బనియన్లు. ఇప్పుడు ఆవిడ చేతిలో ఉన్నది గుండీలు లేని చొక్కా. గుండీలు ఊడిపోలేదు. ఎవరో తీరిగ్గా కూర్చుని, బ్లేడుతో ఒక్కోటీ కోసి డబ్బాలో దాచుకుని, ఆ తర్వాత చొక్కాను దేవుడి పేర మూటగట్టారు. ఆవిడ దాన్ని ఎడమవైపు విసిరింది.

"జిప్పు లేని ప్యాంటు ఇచ్చినాయన స్వర్గానికి ఎలా వెళ్తాడో మరి," అంది మూల మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చున్న ముసలావిడ. "అక్కడ గుమ్మం దగ్గర నిలబెట్టి అన్నీ చూస్తారంటగా."

"అత్తయ్యా, మీరు ఊరుకోండి," అంది ఇస్త్రీ చేస్తున్న కోడలు, నవ్వు ఆపుకుంటూ.

అత్తాకోడళ్ళు ఆ గదిలోకి వచ్చి ఎక్కువ రోజులు కాలేదు. ఉన్న గది ఖాళీ చేయించి సామాను వీధిలో పెట్టిస్తే, వానలో తడుస్తూ కూర్చున్నవాళ్ళను చూసి ఆసుపత్రి నర్సు ఒకామె ఇక్కడికి పంపింది. సంఘం జాలిపడి చోటిచ్చింది. చోటిచ్చిన మర్నాడే పాటల బృందం తెల్ల అంగీలన్నీ ఇస్త్రీకి వచ్చాయి. ఆ వెనకే వేదిక తెరలు. వాటి వెనక ఎవరింటివో తెలియని దుప్పట్లు. ఖాళీగా కూర్చుంటే వాళ్ళకే మంచిది కాదని సంఘంలో అందరూ అనుకున్నారు. ఊరికే చేయించుకోవడాన్ని సేవ అనవచ్చునన్న సంగతి ఇస్త్రీ అమ్మాయికి ఇక్కడికొచ్చాకే తెలిసింది.

ఆ అమ్మాయి తడి వేలు పెట్టె అడుగుకు అలా తాకించి, చుయ్ మన్న చప్పుడును బట్టి వేడి తెలుసుకునేది. ముందు కాలరు వెనకవైపు, తర్వాత భుజాలు, తర్వాత చేతులు. వెన్ను ఎప్పుడూ ఆఖరికే. బల్ల కాలొకటి నిలువునా చీలింది. దానికి గుడ్డపీలికలు చుట్టి కట్టింది. పెట్టె ఆ వైపు వెళ్ళినప్పుడల్లా బల్ల కిర్రుమనేది, ఆమె నడుముతో దాన్ని అదిమిపట్టేది.

సేవావిభాగం అధ్యక్షుడు చంకలో చుట్టిన బట్ట పెట్టుకుని, ముక్కుపొడి పీలుస్తూ లోపలికి వచ్చాడు. రంగుల దుకాణం ఆయనది. అద్దెకిచ్చే ఇళ్ళు కూడా ఉన్నాయి. ఏ మాట మాట్లాడాలన్నా ఆయనకు ముందు 'తప్పుగా అనుకోకండి' రావాలి. పెళ్ళికి వెళ్ళినా, తప్పుగా అనుకోకండి, జంట బాగుంది అనేవాడు. సంఘంలో పిల్లలు ఆయన్ని వెనక 'తప్పుగారు' అంటారు.

"తప్పుగా అనుకోకండి టీచరుగారూ, వేదిక వెనక కట్టే గుడ్డ వచ్చింది. ఒక్కసారి చూడండి," అంటూ విప్పాడు.

నీలం గుడ్డ మీద మూరెడేసి తెల్లక్షరాలు. నాయ వారం.

టీచరు దాన్ని రెండుసార్లు చదివింది. ఒత్తుల టీచరన్న పేరు ఆవిడకు ఊరికే రాలేదు. బళ్ళో భాష చెబుతుంది. ఎవరు ఒత్తు మింగినా ప్రార్థన మధ్యలోనైనా సరే ఆపి పలికిస్తుంది.

"న్యాయంలో ఒత్తు పోయింది," అంది.

"చిన్న ఒత్తేగా. కాగితం కత్తిరించి అంటిద్దాం. దూరానికి ఎవరికి తెలుస్తుంది?" అని ఆయన గుడ్డ చుట్టేశాడు. "అసలు సంగతి అది కాదు. తప్పుగా అనుకోకండి, ఆదివారం పెద్ద సంఘం నుంచి అతిథులొస్తున్నారు. మన సేవ గురించి ఒక మంచి సాక్ష్యం పడాలి. ఈ అమ్మాయైతే బాగుంటుంది. చూడ్డానికి కూడా..." ఆయన ఆమె వైపు తిరిగాడు. చూపు ముఖం దాకా వెళ్ళకుండా ఇస్త్రీ పెట్టె దగ్గరే ఆగింది. "శుభ్రంగా ఉంది. తప్పుగా అనుకోకమ్మా, ఇంతకుముందు ఎక్కడుండేవాళ్ళు?"

"ఇక్కడికి దగ్గరేనండి."

"పాపం, ముసలావిడతో సహా వీధిలో పెట్టారంటగా. ఎలాంటి మనుషులుంటారో లోకంలో!"

ముసలావిడ ముఖం గోడవైపు తిప్పుకుంది. ఇస్త్రీ అమ్మాయి పెట్టె ఎత్తడం మర్చిపోయింది. తెల్ల అంగీ కాలరు మీద గోధుమరంగు మరక తేలాక గానీ కాలిన వాసన ఎవరికీ తట్టలేదు.

*

సాక్ష్యం అంటే పడి లేచినవాళ్ళు వేదికెక్కి తమ కథ చెప్పుకోవడం. సంఘంలో సాక్ష్యాలన్నీ టీచరు చేతి మీదుగానే వెళ్ళేవి. ఏడుపు ఎక్కువైతే తగ్గించడం, మొగుణ్ణి తిడితే ఆ ముక్క తీసేయడం, దేవుడి పేరు మరీ ఆలస్యంగా వస్తే ముందుకు జరపడం ఆవిడ పని. అందరికీ ఒకటే సూత్రం చెప్పేది.

మర్నాడు బడి అయ్యాక ఖాళీ హాల్లో, వేదిక మెట్ల మీద కూర్చుని ఇస్త్రీ అమ్మాయికి కూడా అదే చెప్పింది. ముసలావిడ ముందు వరసలో కూర్చుని మోకాలు రుద్దుకుంటోంది.

"మూడే మాటలు గుర్తుపెట్టుకో అమ్మాయ్. పడ్డాం, పట్టుకున్నారు, నిలబడ్డాం. పడ్డాం దగ్గర ఎక్కువసేపు ఉండకు. నిన్ను పడేసినవాడి పేరు చెప్పకూడదు, అది సాక్ష్యం కాదు, చాడీ అవుతుంది. పట్టుకున్నవాళ్ళ పేరు మాత్రం చెప్పాలి. నిలబడ్డాం అన్నప్పుడు నవ్వాలి. ఏదీ, మొదలుపెట్టు."

"నాయంగా చెప్పాలంటే..."

"న్యాయంగా. యా ఒత్తు ఉంది."

"న్యాయంగా చెప్పాలంటే నేను అప్పుడే బట్టలు నానబెట్టానండి. మనుషులొచ్చి మంచం ఎత్తారు. అత్తయ్య మంచం మీదే ఉంది. ఆవిణ్ణి దింపండయ్యా అన్నా వినకుండా మంచంతోపాటే మోసుకెళ్ళి వీధిలో పెట్టారు."

"ఊరేగింపే," అంది ముసలావిడ. "పాడె మీద కూడా అంత బాగా మొయ్యరు."

"పెట్టె ఇంకా వేడిగా ఉందండి. దాన్ని తీసుకెళ్ళి బట్టల మూట మీద పెట్టారు. అన్నీ ఊళ్ళోవాళ్ళవి. ఓ డాక్టరమ్మ కోటు కాలిపోయింది. ఆవిడ మళ్ళీ నాకు బట్టలివ్వలేదు. బల్లని కాలు పట్టుకుని ఈడిస్తే చీలిపోయింది. ఒకాయన మెట్ల మీద నిలబడి గోడలు చూసుకుంటున్నాడు, సరుకు దాచుకోవడానికి సరిపోతుందా లేదా అని. నేను ఆయన కాళ్ళు పట్టుకున్నా. కాళ్ళు వెనక్కి లాక్కుని, 'తప్పుగా అనుకోకమ్మా, నీ మంచికే చెప్తున్నా, ఇంతకంటే మంచి చోటు దొరుకుతుంది' అన్నాడు."

టీచరు తల ఎత్తింది. ఆ అమ్మాయి ఆ మాటను గొంతు మార్చకుండానే అన్నా, చివర సాగదీసిన తీరులో దుకాణం, ముక్కుపొడి, సేవావిభాగం అన్నీ వినిపించాయి.

"ఎవరాయన?"

"పేరు చెప్పకూడదన్నారుగా."

పైన తిరుగుతున్న ఫ్యాను రెక్కొకటి కొట్టుకుంటోంది.

"నిన్న ఆయన నిన్ను గుర్తుపట్టలేదా?"

"నా ముఖం ఎప్పుడు చూశాడండీ? అప్పుడు గోడలు చూశాడు. నిన్న పెట్టె చూశాడు. ఇక్కడికొచ్చిన రోజున తలుపు సందులోంచి నేను చూసి గుర్తుపట్టా. పారిపోదామన్నా. అత్తయ్య వద్దంది."

"బయట వాన," అంది ముసలావిడ. "ఇల్లు పీకి పందిరెయ్యడం అంటే చిన్నపిల్లల అల్లరి అనుకున్నా ఇన్నాళ్ళూ. పెద్దమనుషులు కూడా వేస్తారని ఇప్పుడే తెలిసింది."

ఎన్నిసార్లు ఆయన పక్కన నిలబడి ఆవిడ మూటలు పంచింది! ఆయన ముక్కుపొడి చేతులు తగిలిన పళ్ళెంలోంచి ఎన్నిసార్లు బిస్కెట్టు తీసుకుంది! టీచరుకు రోత పుట్టింది. లేచి చీర దులుపుకుంది. మట్టేమీ లేదు, అయినా దులుపుకుంది.

*

బోధకుడు తన గదిలో ఆదివారం ప్రసంగం రాసుకుంటున్నాడు. న్యాయం గురించే. సున్నితమైన మనిషి. ఎదుటివాళ్ళు చెప్పేదంతా తల పంకిస్తూ వింటాడు. టీచరు చెప్పిందంతా అలాగే విన్నాడు. మధ్యలో ఒకటి రెండుసార్లు కళ్ళు మూసుకున్నాడు కూడా. ఆయన కళ్ళు తెరిచేసరికి తనలాగే ఆయనకూ రోత పుట్టి ఉంటుందని ఆవిడ అనుకుంది.

"చాలా బాధాకరం," అన్నాడు. "కానీ టీచరుగారూ, అది ఆయన వ్యాపారం. ఇది సేవ. రెండూ కలిపితే రెండూ చెడతాయి."

"ఒకే మనిషి కదండీ చేసింది?"

"తెలిసి చేసి ఉండరు."

"మెట్ల మీద నిలబడి చేయించాడు."

బోధకుడు లేచి కిటికీ రెక్క దగ్గరగా వేశాడు. గదిలో కొత్త రంగు వాసన ఉంది. కిందటి నెలే గోడలన్నిటికీ అధ్యక్షుడి దుకాణం నుంచి రంగు వచ్చింది. లేత వెన్నరంగు.

"మనం న్యాయం అంటున్నది పెద్ద విషయం. లోకానికి సంబంధించింది. ఇలాంటి చిన్నచిన్నవి వేదిక మీదికి తెస్తే అతిథుల ముందు సంఘం పరువేం కావాలి? మీరు ఎలాగూ దిద్దుతారుగా. ఆ ఒక్క వాక్యం తీసేయండి. ఆ అమ్మాయికి కూడా అదే మంచిది. ఆ గది మనం దయతో ఇచ్చింది, నియమం ప్రకారం ఇచ్చింది కాదు. అది కూడా ఆమెకు తెలిసేలా చెప్పండి." ఆయన చాలా మృదువుగా నవ్వాడు. "అన్నట్టు, ఆ గుడ్డ మీద ఒత్తు అంటించడం మర్చిపోకండి. మీరైతే చక్కగా కత్తిరిస్తారు."

టీచరు బయటికొచ్చి వరండాలో కుళాయి తిప్పి ముఖం కడుక్కుంది. నోరు కూడా పుక్కిలించి ఉమ్మింది. లోపల ఆయన ఇచ్చిన టీ తాగినందుకు.

*

శనివారం వాన పట్టుకుంది. వెనకగదిలో పంచాల్సిన బట్టలన్నీ మడతలై వరసగా ఉన్నాయి. టీచరు నేల మీద కూర్చుని తెల్ల అట్టముక్క మీద ఒత్తు గీస్తోంది. గీత వంకర పోతోంది. చెరిపి మళ్ళీ గీస్తోంది.

"ఆ వాక్యం తీసేయమన్నారు," అంది తల ఎత్తకుండా.

ఇస్త్రీ అమ్మాయి కాలిన కాలరు విప్పి, తిరగేసి కుడుతోంది. "మీరేమంటారు?"

"నేను దిద్దను. నీ సాక్ష్యం నీ ఇష్టం. కావాలంటే ఒంట్లో బాగాలేదని చెప్పేస్తాను, వేరేవాళ్ళని చూసుకుంటారు."

అమ్మాయి దారం పళ్ళతో తెంపింది. "నేను ఆ మాట అన్నాననుకోండి. సోమవారం మమ్మల్ని ఇక్కడ ఉండనిస్తారా?"

"ఉండనివ్వరు."

"అనకపోతే?"

టీచరు ఆలోచించింది. న్యాయ వారం ఆదివారంతో అయిపోతుంది. ఆ తర్వాత ఈ గదిలో కుర్చీలు పెట్టుకోవాలని ఇప్పటికే రెండుసార్లు అనుకున్నారు. "కొన్నాళ్ళు ఉండనిస్తారు."

"అయితే అన్నా అనకపోయినా పోవడమే. ఇవాళా రేపా అన్నదే తేడా." అమ్మాయి సూది కాలరులో గుచ్చి పక్కన పెట్టింది. "ఒక్కటి అడుగుతానండి, ఏమీ అనుకోకండి. అత్తయ్యకి ఈ మోకాలితో వానలో కూర్చునే ఓపిక లేదు. నేను నోరు తెరిస్తే మమ్మల్ని పట్టుకునేది ఎవరండీ?"

పట్టుకున్నారు అన్న మాటను టీచరు ఎంతమంది చేత చెప్పించిందో లెక్కలేదు. ఒత్తులు సరిచేసి మరీ చెప్పించింది. ఇప్పుడు ఆవిడ అట్ట మీద గీసిన గీతనే మళ్ళీ దిద్దింది. ఇంట్లో ముందుగది గుర్తొచ్చింది. సోఫా మీద తెల్ల గుడ్డలు కప్పి, కిటికీలు మూసి, ఎప్పుడో వచ్చే చుట్టాల కోసం ఉంచిన గది. ఆ చుట్టాలు రారు. వచ్చినా ఆవిడకు ఇష్టం ఉండదు. పరాయివాళ్ళ చెమట వాసన ఇంట్లో పడదని ఆవిడ ఎప్పుడూ పైకి అనలేదు గానీ, మూటల్లో బట్టల్ని రెండు వేళ్ళతో పట్టుకోవడం చూసినవాళ్ళకు తెలుస్తుంది.

"అట్ట ఇటివ్వండి, కత్తిరించి నేను తీసుకొస్తా," అంది ఇస్త్రీ అమ్మాయే చివరికి, ఆవిడ ఇబ్బంది చూడలేక.

టీచరు అట్టముక్క ఇచ్చేసి గొడుగు తీసుకుంది. వీధిలోకి వచ్చాక గానీ గొడుగు విప్పలేదన్న సంగతి తెలియలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది. అధ్యక్షుడికి కనీసం నోరు తిరిగి 'తప్పుగా అనుకోకండి' అనడం వచ్చు. తనకు అదీ రాలేదు.

*

ఆదివారం హాలు కిటకిటలాడింది. ముందు వరసలో అతిథులు, పక్కన అధ్యక్షుడు. నీలం గుడ్డ మీద న్యాయం సరిగ్గా ఉంది. అట్ట ఒత్తు మాత్రం మిగతా అక్షరాల కంటే తెల్లగా మెరుస్తోంది. ప్రసంగం బాగుంది. న్యాయం గురించి బోధకుడు ఎంత బాగా చెప్పాడంటే, తాము ఏం చెయ్యాలో ఒక్కరికీ అర్థం కాలేదు. అందరూ తృప్తిగా తలలు ఊపారు.

ఇస్త్రీ అమ్మాయి మైకు ముందు నిలబడింది. అతిథుల వెనక కూర్చున్న టీచరు చేతుల్ని ఒళ్ళో బిగించుకుంది. ఏం చెబుతుందో ఆవిడకూ తెలియదు.

"పడినదాని గురించి ఎక్కువ చెప్పకూడదన్నారు. పడేసినవాళ్ళ పేరు అసలు చెప్పకూడదన్నారు. చెప్పను," అని మొదలుపెట్టింది. మంచం, వేడి పెట్టె, కాలిన కోటు, చీలిన బల్ల. ఒక్కోటీ చొక్కాలు మడత పెట్టినట్టు ఒకదాని మీద ఒకటి పెట్టింది. ఆడవాళ్ళు అయ్యో అన్నారు. అధ్యక్షుడు కూడా నాలుక చప్పరించాడు.

"మెట్ల మీద నిలబడ్డాయన కాళ్ళు పట్టుకున్నాను. ఆయన కాళ్ళు వెనక్కి లాక్కుని, 'తప్పుగా అనుకోకమ్మా, నీ మంచికే చెప్తున్నా' అన్నాడు."

ముందు పిల్లలు కిసుక్కుమన్నారు. పిల్లల్ని ఊరుకోమనబోయి తల్లులకు నవ్వొచ్చింది. అది మగవాళ్ళ వైపు కూడా పాకింది. ఆ మాట వింటే నవ్వడం వాళ్ళకు అలవాటు. నవ్వుతూనే అందరూ అధ్యక్షుడి వైపు చూశారు. చూశాక ఎందుకు చూశారో ఒక్కొక్కరికే తట్టింది. నవ్వు ఎక్కడికక్కడ ఆగిపోయింది. అందరికంటే ఆఖర్న, ఇంకా చిరునవ్వు చెదరకుండానే, అధ్యక్షుడు మొట్టమొదటిసారి ఆ అమ్మాయి ముఖం చూశాడు.

"రెండోది పట్టుకోవడం," అంది ఆమె. "వెనకగదిలో చోటిచ్చారు. చోటిచ్చిన సేవావిభాగానికి పెద్ద ఎవరో మీ అందరికీ తెలుసు, ఆ పేరు చెప్పొచ్చు గానీ, నేను చెప్పడం దేనికి? మూడోది నిలబడ్డాం అని నవ్వుతూ చెప్పాలి." ఆమె నవ్వలేదు. "అది ఇంకా అవలేదండి. అయినప్పుడు వచ్చి చెప్తాను."

దిగి వెళ్ళి అత్తగారి పక్కన కూర్చుంది. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. బోధకుడు కళ్ళు మూసుకున్నాడు. ఏదో ఒకటి సర్దిచెప్పక తప్పదని అధ్యక్షుడే లేచి మైకు దగ్గరికి వెళ్ళాడు. గొంతు సవరించుకున్నాడు.

"తప్పుగా..." అన్నాడు.

ఆగాడు. మళ్ళీ గొంతు సవరించుకున్నాడు. వేరే మాటతో మొదలుపెట్టాలని పెదాలు కదిలాయి. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆయన వేరే మాటతో మొదలుపెట్టి ఎరగడు. తేలు కుట్టిన దొంగలా మైకు పట్టుకుని అలాగే నిలబడి, చివరికి పాటల బృందానికి సైగ చేసి వచ్చి కూర్చున్నాడు. అతిథుల్లో ఒకాయన తన కుర్చీ కొంచెం అవతలికి జరుపుకున్నాడు.

*

పాటలు అయ్యీ కాకముందే కాపలాదారు వెనకగది గుమ్మంలో నిలబడ్డాడు. మంచివాడే, కళ్ళెత్తి చూడలేకపోతున్నాడు.

"రేపటి నుంచి ఈ గదికి రంగు వేస్తారంటమ్మా. ఇవాళే ఖాళీ చేయమన్నారు. వాన తగ్గాకే వెళ్ళండి, నేనేమీ అనను."

"వెన్నరంగా?" అంది ముసలావిడ.

ఇస్త్రీ అమ్మాయి దుప్పటి పరిచి సామాను అందులో వేస్తోంది. పెద్ద సామానేం లేదు. హాల్లోంచి వచ్చేవాళ్ళు గుమ్మం దాకా వచ్చి, లోపలికి ఒకసారి చూసి, ధైర్యం చేశావమ్మా అని మెల్లగా అనేసి గొడుగులు విప్పుకుంటున్నారు. ఒకావిడ మరో మూట కూడా ఇచ్చి వెళ్ళింది.

టీచరు ఆ మూటను విప్పకుండానే ఎడమవైపు గుట్ట మీదికి విసిరింది. ఇస్త్రీ బల్ల దగ్గరికి వచ్చి, చీలిన కాలు ఉన్న వైపు వంగింది. గుడ్డపీలికలు చెమటకూ నీళ్ళకూ నల్లబడి ఉన్నాయి. రెండు వేళ్ళతో కాదు, రెండు చేతులా పట్టుకుంది.

"అటువైపు పట్టు అమ్మాయ్."

"ఎక్కడికండీ?"

"మా ముందుగదిలోకి. వీధివైపు కిటికీ ఉంది, గిరాకీ కనబడుతుంది." ఆవిడ గొంతు విసుగ్గానే ఉంది. ఆ విసుగు ఎవరి మీదో ఆవిడకే తెలియాలి. "నిన్న అడిగినప్పుడే చెప్పాల్సింది. నోరు రాలేదు."

అమ్మాయి కదల్లేదు. అత్తగారి వైపు చూసింది. ముసలావిడ మంచం దిగి, మోకాలు పట్టుకుని నిలదొక్కుకుని, టీచరును కిందినుంచి పైదాకా చూసింది. దయతో ఇచ్చిన గదులు ఆవిడకు కొత్త కాదు.

"ఎన్నాళ్ళుండనిస్తారు?"

"నిలబడేదాకా," అంది టీచరు. "ముందు ఆ కాలు గుమ్మానికి తగలకుండా చూసుకో అమ్మాయ్, ఇంకా చీలుతుంది."